పిన్‌కోడ్ నుంచి ఫోన్ నంబర్ దాకా: పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో రుజువుతో తేల్చడం ఎలా

"సార్, ఈ నంబర్ ప్రైమేనా?" విశాఖపట్నం ద్వారకానగర్‌లో బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కింద ఒక ఫొటో ఉంటుంది: బండి నంబర్ ప్లేటో, ఇంటి పిన్‌కోడో, కొత్త సిమ్ నంబరో. అవునో కాదో ఒక్క మాటలో చెప్పేస్తే మర్నాడు ఇంకో ఫొటో వస్తుంది. అందుకే పద్ధతంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకి ఈ లింకే పంపుతాను.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. "కాదు" అని తేల్చడం సులువు. రెండు సంఖ్యలు గుణించి చూపిస్తే ఎవరైనా నిమిషంలో సరిచూసుకుంటారు. "అవును" అని తేల్చడమే కష్టం. "నేను చాలావాటితో భాగించాను సార్, దేంతోనూ పోలేదు" అనేది రుజువు కాదు. మీ లెక్క పూర్తయ్యాక ఇంకొకరు తిరిగి చేసి ఒప్పుకోగలిగేది ఏదో ఒకటి మీ కాగితం మీద మిగలాలి. ఈ పద్ధతి అంతా దానికోసమే.

ఉదాహరణలుగా మన ఊరి పిన్‌కోడ్‌లే తీసుకుంటాను. ఎంవీపీ కాలనీది 530017. ఆంధ్ర విశ్వవిద్యాలయానిది 530003. ద్వారకానగర్‌ది 530016. వీటిలో ఒకటి ప్రధాన సంఖ్య, ఒకటి చూడగానే కాదని తెలిసిపోయేది, ఇంకొకటి మంచి మంచివాళ్లని బోల్తా కొట్టించేది.

ఏమేం కావాలి

కాగితం, పెన్ను. కనీసం 12 అంకెలు చూపించే కాలిక్యులేటర్ (కూరగాయల కొట్లో ఉండే 8 అంకెలది భాగహారాలకు సరిపోతుంది గానీ, ఆరంకెల సంఖ్యకు వర్గం వేస్తే చేతులెత్తేస్తుంది). 727 వరకు ప్రధాన సంఖ్యల పట్టిక. అందులో 129 సంఖ్యలుంటాయి, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, లేదా ఎరటోస్తనీస్ జల్లెడతో (ఒక్కో ప్రధాన సంఖ్య గుణిజాలను కొట్టేస్తూ పోవడం) మీరే గంటలో తయారుచేసుకోవచ్చు. నాలుగో మెట్టు నుంచి పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే భాష) ఉన్న కంప్యూటరో ఫోనో కావాలి. శేషం అంటే ఏమిటో, గ.సా.భా. ఎలా కట్టాలో తెలిస్తే చాలు. అంతకుమించి గణితం అక్కర్లేదు.

1. ఎక్కడిదాకా భాగించాలో ముందు తేల్చుకోండి

సంఖ్యకు వర్గమూలం కట్టండి. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. ఏ సంఖ్యయినా రెండు కారణాంకాల లబ్ధమైతే, అందులో చిన్నది వర్గమూలాన్ని దాటదు.

నాలుగంకెల బండి నంబర్‌కు వర్గమూలం 100 లోపే. అంటే 25 భాగహారాలు, టీ చల్లారేలోపు అయిపోతుంది. పిన్‌కోడ్‌కు వర్గమూలం 728. అందుకే 727 వరకు పట్టిక కావాలన్నాను. పదంకెల ఫోన్ నంబర్‌కు లక్షదాకా వెళ్లాలి. లక్షలోపు 9592 ప్రధాన సంఖ్యలున్నాయి. అది చేత్తో చేసే పని కాదు.

హెచ్చరిక: ఈ హద్దుకు ముందే ఆగిపోకండి. ఎక్కువమంది 31 దాకో, 97 దాకో చూసి "ప్రైమే" అని రాసేస్తారు. దాని ఫలితం మూడో మెట్టులో చూద్దాం.

2. సులువుగా పోయేవాటిని పక్కన పెట్టండి

చివర 0, 2, 4, 5, 6, 8 ఉంటే ఇక చూడక్కర్లేదు. ద్వారకానగర్ 530016 ఇక్కడే అవుట్. రుషికొండ 530045 కూడా. అంకెల మొత్తం 3తో పోతే సంఖ్య కూడా పోతుంది. ఉక్కు కర్మాగారం చిరునామాలో ఉండే 530031 చూడండి: 5+3+0+0+3+1 = 12. పోయింది.

11కు ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేసి చూస్తారు కదా, అది చాలు. 7కు పుస్తకాల్లో రకరకాల చిట్కాలున్నాయి. నా మటుకు నేరుగా భాగించడమే వేగం.

3. భాగహారాలు: ఒకసారి చేసి ఊరంతటికీ వాడుకోండి

నగరంలో చాలా పిన్‌కోడ్‌లు 5300తోనే మొదలవుతాయి. కాబట్టి ప్రతి పిన్‌కోడ్‌నూ విడివిడిగా భాగించకండి. 530000ను భాగించి శేషం రాసుకోండి. ఆ శేషానికి ఇంకెంత కలిపితే భాజకం అవుతుందో, ఆ చివరి అంకెలున్న పిన్‌కోడ్ పోతుంది.

ఉదాహరణకు 61తో భాగిస్తే శేషం 32. 32కు 29 కలిపితే 61. అంటే 530029 పోతుంది: 61 × 8689. 79తో శేషం 68, ఇంకా 11 కావాలి. 530011 = 79 × 6709. 53తో అసలు శేషమే లేదు, 53 × 10000 కదా. కాబట్టి 53తో 530001 నుంచి 530052 దాకా ఏదీ పోదు.

530001 నుంచి 530049 వరకు ఇలా చేస్తే కథ ఇలా నడుస్తుంది. 2, 3, 5 తీసేశాక చివర 03, 09, 11, 17, 21, 23, 27, 29, 33, 39, 41, 47 ఉన్న పన్నెండు మిగులుతాయి. 7తో శేషం 2, ఇంకా 5 కావాలి; ఆ 5కు ఏడేసి కలుపుతూ పోతే 33, 47 పోతాయి. 13తో 23, 17తో 09 పోతాయి. 61తో 29, 79తో 11. ఇక అక్కడినుంచి చాలాసేపు ఏమీ జరగదు. 83, 89, 97, వందలు, రెండొందలు, మూడొందలు దాటినా పట్టికలో ఒక్కటీ కదలదు. విసుగొచ్చేది ఇక్కడే, పెన్ను పక్కన పడేసేదీ ఇక్కడే. 421 దగ్గర 530039 పోతుంది: 421 × 1259.

తర్వాత మళ్లీ నిశ్శబ్దం. 617 దగ్గర 530000కు శేషం 614. ఇంకా 3 కావాలి.

530003 = 617 × 859.

617 అనేది 113వ ప్రధాన సంఖ్య. అంటే విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ అంతకుముందున్న 112 ప్రధాన సంఖ్యలనూ తప్పించుకుని వచ్చింది. 97 దగ్గరో 500 దగ్గరో ఆగినవాళ్లంతా దాన్ని ప్రధాన సంఖ్య అనే రాసుంటారు.

727 వరకు పూర్తిచేస్తే నాలుగు మిగులుతాయి: 530017, 530021, 530027, 530041. ఇవి ప్రధాన సంఖ్యలు. ఎంవీపీ కాలనీ వాళ్లు సంతోషించవచ్చు.

ప్రత్యామ్నాయం: రెండు కారణాంకాలూ వర్గమూలానికి దగ్గర్లో ఉంటాయని అనుమానమొస్తే, భాగహారాలు మాని వర్గాల తేడా చూడండి. ఇది ఫెర్మా పద్ధతి. వర్గమూలం పైనున్న పూర్ణసంఖ్యతో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి మీ సంఖ్యను తీసేయండి. మిగిలింది ఖచ్చితమైన వర్గమైతే పని అయిపోయినట్టే. 530003కు 729తో మొదలు:

729² − 530003 = 1438
730² − 530003 = 2897
731² − 530003 = 4358
732² − 530003 = 5821
733² − 530003 = 7286
734² − 530003 = 8753
735² − 530003 = 10222
736² − 530003 = 11693
737² − 530003 = 13166
738² − 530003 = 14641

చివర 2, 3, 7, 8 ఉన్నవి వర్గాలు కానేకావు, వాటికి వర్గమూలం కట్టే పనే లేదు. 4358 ఊరిస్తుంది, 66² 4356 కాబట్టి. కానీ చివర 8 ఉందిగా, వదిలేయండి. నిజంగా చూడాల్సినవి 5821, 7286, 13166, 14641 మాత్రమే. చివరిది 121². అంటే సంఖ్య (738 − 121) × (738 + 121), అదే 617 × 859. అక్కడ 113 భాగహారాలు పట్టింది, ఇక్కడ పది తీసివేతలతో అయిపోయింది. కానీ ఎప్పుడూ ఇంత అదృష్టం ఉండదు. కారణాంకాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయితే ఈ దారి భాగహారం కన్నా చాలా పొడుగు.

4. ఫెర్మా పరీక్ష: "కాదు" అని త్వరగా చెప్పించుకోవడానికి

సంఖ్య పెద్దదయ్యేకొద్దీ భాగహారాలు కుదరవు. అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం పనికొస్తుంది. మీ సంఖ్య ప్రధానమైతే, 2ను ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి (సంఖ్య 2 కాకూడదు, అంతే). 1 రాకపోతే ప్రధానం కాదు, ఇక వాదన లేదు.

పైథాన్‌లో పౌ (pow) అనే ఫంక్షన్‌కు మూడు విలువలు వరసగా ఇవ్వండి: భూమి (ఘాతానికి పెంచే సంఖ్య), ఘాతాంకం, భాజకం. 2, 530002, 530003 ఇస్తే 375556 వస్తుంది. 1 కాదు కాబట్టి 530003 సంయుక్త సంఖ్య. గమనించారా, 617 అన్న మాటే ఎత్తకుండా తేలిపోయింది. 2, 530016, 530017 ఇస్తే 1 వస్తుంది.

మీ కంప్యూటర్‌లో 375556 బదులు ఇంకేదైనా వస్తే టైపింగ్‌లో తప్పుందని అర్థం. కొత్త సంఖ్య జోలికి వెళ్లేముందు ఈ రెండింటితో ఒకసారి సరిచూసుకోండి.

హెచ్చరిక: ముందు ఘాతం కట్టి, తర్వాత భాగిద్దాం అనుకోకండి. 2ను 530016 సార్లు గుణిస్తే లక్షన్నర అంకెల పైచిలుకు సంఖ్య వస్తుంది. పిన్‌కోడ్‌కు పైథాన్ ఎలాగో లాక్కొస్తుంది గానీ, ఫోన్ నంబర్‌కు కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మూడో విలువ ఇస్తే ప్రతి గుణకారం తర్వాతా శేషం తీసుకుంటూ పోతుంది కాబట్టి క్షణంలో అవుతుంది.

ఇంకా పెద్ద హెచ్చరిక: 1 వస్తే "ప్రధానమే" అని రాయకండి. "కాదని తేలలేదు" అని మాత్రమే రాయండి. 341 = 11 × 31, అయినా 2తో ఈ పరీక్ష పాసైపోతుంది. అంతకన్నా కొంటెవి కార్మైకేల్ సంఖ్యలు. వాటితో ఉమ్మడి కారణాంకం లేని ఏ భూమి తీసుకున్నా శేషం 1 వస్తుంది. మొదటిది 561 = 3 × 11 × 17. మూడోది మనందరికీ తెలిసిన 1729, రామానుజన్ టాక్సీ నంబర్. 7 × 13 × 19.

5. మిల్లర్–రాబిన్: 1729 గుట్టు విప్పే పరీక్ష

ఇది చేత్తో ఒక్కసారి చేసి చూడండి. తర్వాత జీవితాంతం కంప్యూటర్‌కే వదిలేయొచ్చు.

సంఖ్యలోంచి ఒకటి తీసేసి, బేసి సంఖ్య వచ్చేదాకా 2తో భాగిస్తూ పోండి. 1728 = 64 × 27. అంటే ఆరుసార్లు 2, చివరకు 27.

2²⁷ను 1729తో భాగిస్తే శేషం 645. దీన్ని ఇలా చేరొచ్చు: 2¹¹ = 2048, శేషం 319. అక్కణ్నుంచి 2¹³కు శేషం 1276, 2¹⁴కు 823. 1276 × 823 = 1050148, 1729తో భాగిస్తే శేషం 645.

ఇప్పుడు వర్గం వేస్తూ, శేషం తీస్తూ పోండి.

645² → శేషం 1065
1065² → శేషం 1

సంఖ్య నిజంగా ప్రధానమైతే ఈ వరస మొదటి విలువే 1 అయినా కావాలి, లేదా 1 వచ్చే ముందు 1728 (అంటే సంఖ్యకు ఒకటి తక్కువ) అయినా రావాలి. ఇక్కడ 1 ముందు 1065 ఉంది. దొరికిపోయింది.

పైగా కారణాంకం కూడా దొరుకుతుంది. 1065లోంచి ఒకటి తీసేసి, 1064కూ 1729కూ గ.సా.భా. కట్టండి: 133. 1729 = 133 × 13. ఫెర్మా పరీక్షలో చెక్కుచెదరని సంఖ్య రెండు వర్గాలతో విడిపోయింది.

ఒక్క భూమితో ఆగొద్దు. 2047 = 23 × 89, కానీ 2తో మిల్లర్–రాబిన్ కూడా దాటేస్తుంది. ఎన్ని భూములు చాలో లెక్క తేలే ఉంది: 3215031751 కన్నా చిన్న సంఖ్యలకు 2, 3, 5, 7 నాలుగూ దాటితే ఖచ్చితంగా ప్రధానం. ఆ సంఖ్య మాత్రం నాలుగింటినీ మోసం చేస్తుంది (151 × 751 × 28351). మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9తో మొదలవుతాయి కాబట్టి అన్నీ ఆ హద్దు పైనే. వాటికి 11 కూడా కలిపి ఐదు భూములు వాడండి. 2 లక్షల కోట్ల దాకా ఆ ఐదూ చాలు. పంతొమ్మిది అంకెల సంఖ్యలకు 2 నుంచి 37 వరకు ఉన్న పన్నెండు ప్రధాన సంఖ్యలూ వాడితే సందేహం ఉండదు.

నిజం చెప్పాలంటే ఫోన్ నంబర్‌కు ఇంత హంగామా అక్కర్లేదు. లక్ష వరకు బేసి సంఖ్యలతో భాగించే నాలుగు వరసల ప్రోగ్రామ్ రాస్తే కళ్లు మూసి తెరిచేలోపు జవాబొస్తుంది. మిల్లర్–రాబిన్ అసలు అవసరం ఇరవై అంకెలు దాటాకే.

6. రుజువు రాసిపెట్టుకోండి

అందరూ వదిలేసే మెట్టు ఇది, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. 530017 ప్రధానమని ఎదుటివారిని నమ్మించాలంటే 129 భాగహారాలూ మళ్లీ చేయమనాలా? అక్కర్లేదు. 1914లో పాక్లింగ్టన్ అనే గణితవేత్త చూపించిన దారి ఒకటుంది.

మీ సంఖ్యలోంచి ఒకటి తీసేసి కారణాంకాలుగా విడదీయండి. 530017 − 1 = 530016. అంటే ఎంవీపీ కాలనీ సంగతి తేల్చడానికి ద్వారకానగర్ పిన్‌కోడ్‌ను విడదీయాలన్నమాట.

530016 = 2⁵ × 3 × 5521

ఇందులో 5521 ప్రధాన సంఖ్య (దాని వర్గమూలం 74, కాబట్టి 73 వరకు భాగించి మీరే చూడొచ్చు). పైగా అది 530017 వర్గమూలమైన 728 కన్నా పెద్దది. అది ముఖ్యం. ఇక రెండే విషయాలు సరిచూడాలి:

ఒకటి, 2ను 530016వ ఘాతానికి పెంచి 530017తో భాగిస్తే శేషం 1 కావాలి. నాలుగో మెట్టులో చూశాం, అయింది.

రెండు, 530016ను 5521తో భాగిస్తే 96. 2⁹⁶ను 530017తో భాగించిన శేషంలోంచి ఒకటి తీసేసి, దానికీ 530017కూ గ.సా.భా. కడితే 1 రావాలి. చేత్తో కూడా చేయొచ్చు: 2²⁴కు శేషం 346689, 2⁴⁸కు 247597, 2⁹⁶కు 388121. ఒకటి తీస్తే 388120. దీనికీ 530017కూ గ.సా.భా. 1.

అంతే, 530017 ప్రధాన సంఖ్య. "బహుశా" లేదు, "చాలావరకు" లేదు. కాగితం మీద 5521, భూమి 2, శేషాలు 1, 388121 రాసి పెట్టుకుంటే ఎవరైనా కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు.

ఈ దారికి అడ్డం ఎక్కడొస్తుందంటే, ఒకటి తీసేశాక వచ్చే సంఖ్యను విడదీయలేకపోతే. కొన్ని పెద్ద సంఖ్యలకు అదే అసలు కంటే కష్టం. ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో అలాంటి విడదీతతో పనిలేకుండా, ఏ సంఖ్యకైనా ఖచ్చితంగా, సంఖ్య పెరిగినా అదుపు తప్పని సమయంలో తేల్చే పద్ధతి కనిపెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. సిద్ధాంతంగా అది చాలా గొప్పది. రోజువారీ పనికి మాత్రం మిల్లర్–రాబిన్ లాంటివే వేగం కాబట్టి ప్రోగ్రామ్‌లలో అవే ఉంటాయి.

7. ప్రధానమని తేలాక ఇంకేం చూడొచ్చు

4తో భాగించి శేషం చూడండి. శేషం 1 వస్తే ఆ ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా. శేషం 3 వస్తే ఎలాగూ రాయలేం, వెతికి సమయం పాడుచేసుకోకండి. 530027 అలాంటిది.

530017కు శేషం 1. వెతకడం ఎలా? చివరి అంకె 7. వర్గాల చివర 0, 1, 4, 5, 6, 9 మాత్రమే ఉంటాయి. వాటిలో రెండు కలిపి 7 రావాలంటే 1, 6 తప్ప వేరే జత లేదు. కాబట్టి బేసి సంఖ్య చివర 1 లేదా 9, సరి సంఖ్య చివర 4 లేదా 6. పైగా 530017ను 8తో భాగిస్తే శేషం 1 కాబట్టి సరి సంఖ్య 4 గుణిజం కావాలి. రెండింట్లో పెద్దది 515కూ 728కూ మధ్య ఉంటుంది. కూర్చుని వెతికితే దొరుకుతుంది:

530017 = 561² + 464²

ఇక్కడి 561 ఇందాకటి మొదటి కార్మైకేల్ సంఖ్యే. ఇది కేవలం కాకతాళీయం, దీనికి అర్థాలు వెతకకండి. కానీ చూస్తే ముచ్చటేస్తుంది.

ఇదే సంగతి తనిఖీకి కూడా పనికొస్తుంది. ఏ సంఖ్యకైనా రెండు వేర్వేరు వర్గాల జతలు దొరికాయంటే అది ప్రధానం కాదు.

ఇంకొకటి, మీ చుట్టుపక్కల ఎన్ని ప్రధాన సంఖ్యలుండాలో అంచనా వేయండి. 530000 సహజ సంవర్గమానం 13.2. అంటే ఆ ప్రాంతంలో సగటున పదమూడింటికి ఒకటి. 49 పిన్‌కోడ్‌లలో మనకు నాలుగు దొరికాయి, సరిపోయింది. మీకు పది దొరికాయంటే ఎక్కడో భాగహారం తప్పింది. మొబైల్ నంబర్లలో సుమారు ఇరవైమూడింటికి ఒకటి ప్రధానం. చివర 1, 3, 7, 9 ఉన్నవాటిలో తొమ్మిదింటికి ఒకటి. కాబట్టి మీ నంబర్ ప్రైమ్ అయితే గొప్పే గానీ, మరీ అంత అరుదేం కాదు.

తరచూ జరిగే తప్పులు

సీ ప్రోగ్రామ్‌లో మామూలు పూర్ణసంఖ్య వాడడం. దాని హద్దు 2147483647. 530017కు వర్గం వేస్తే 28 వేల కోట్లు దాటుతుంది, హద్దు దాటిన విలువ చుట్టుతిరిగి తప్పు శేషం వస్తుంది, ఒక్కోసారి రుణ సంఖ్య కూడా. శేషం మైనస్‌లో కనబడిందంటే ఇదే కారణం. 64 బిట్‌ల రకం పిన్‌కోడ్‌కు చాలు, ఫోన్ నంబర్‌కు చాలదు: 6తో మొదలయ్యే పదంకెల సంఖ్య వర్గమే 3.6 లక్షల కోట్ల కోట్లు, 64 బిట్‌లలో పట్టేది సుమారు 1.84 లక్షల కోట్ల కోట్లే. పైథాన్‌లో ఈ బాధ లేదు. ఆ 2147483647 కూడా ప్రధాన సంఖ్యే అన్నది తమాషా. ఆయిలర్ 1772 నాటికే చేత్తో తేల్చాడు. దాని కారణాంకాలు 248 గుణిజానికి 1 లేదా 63 కలిపిన రూపంలోనే ఉండాలని గమనించి, భాగహారాలను 370 చిల్లరకు కుదించుకున్నాడు.

ఎక్సెల్‌ను నమ్మడం. అది 15 అంకెల వరకే సరిగ్గా దాచుకుంటుంది. పదహారో అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, చెప్పదు కూడా. సున్నాతో ముగిసే సంఖ్య ప్రధానం ఎలా అవుతుంది?

పైథాన్‌లో ఒకే గీతతో భాగించి చుక్క తర్వాత ఏమైనా ఉందా అని చూడడం. పెద్ద సంఖ్యల్లో దశాంశాలు గుండ్రం అయిపోయి, పోనిది పోయినట్టు కనిపిస్తుంది. శేషం అడగండి. వర్గమూలానికి కూడా మామూలు ఫంక్షన్ కాక, మ్యాథ్ మాడ్యూల్‌లోని పూర్ణసంఖ్య వర్గమూలం ఫంక్షన్ వాడండి.

1ని ప్రధాన సంఖ్యగా లెక్కించడం. ఏటా ఎవరో ఒకరు చేస్తారు. కాదు.

6 గుణిజానికి ఒకటి ఎక్కువో తక్కువో ఉంటే ప్రధానమే అనుకోవడం. 3 కంటే పెద్ద ప్రధాన సంఖ్యలన్నీ అలా ఉంటాయి, అలా ఉన్నవన్నీ ప్రధానం కావు. 25 చూడండి.

సంఖ్య ఇంకా పెద్దదైతే

ఇరవై నుంచి కొన్ని వందల అంకెల దాకా సింపై లైబ్రరీలోని ఈజ్‌ప్రైమ్ ఫంక్షన్ చాలు. బ్యాంకు లావాదేవీల రక్షణకు వాడే 2048 బిట్‌ల ఆర్ఎస్ఏ తాళంలో ఒక్కో ప్రధాన సంఖ్య సుమారు 309 అంకెలుంటుంది. దాన్ని కూడా మామూలు ల్యాప్‌టాప్ చిటికెలో పరీక్షిస్తుంది.

2 ఘాతంలోంచి ఒకటి తీసేసిన మెర్సెన్ సంఖ్యలకు మాత్రం ప్రత్యేకంగా లూకా–లెమర్ పరీక్ష ఉంది. 4తో మొదలుపెట్టి, వర్గం వేసి 2 తీసేసి, శేషం తీస్తూ పోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు చేశాక 0 వస్తే ప్రధానం. 2⁷ − 1 = 127కు ఐదుసార్లు: 4, 14, 67, 42, 111, 0. ఘాతాంకం ప్రధానమైతే చాలనుకోకండి; 2¹¹ − 1 అంటే ఇందాక చూసిన 2047. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ఈ కుటుంబానిదే. 4,10,24,320 అంకెలు. దాన్ని పరీక్షించాలని సరదా పడకండి, మామూలు ల్యాప్‌టాప్ ఫ్యాన్ రోజుల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

మీ నంబర్ నాకు పంపేటప్పుడు నంబర్ ఒక్కటే పంపకండి. కాదని తేలితే రెండు కారణాంకాలు, అవునని తేలితే ఆరో మెట్టులోని నాలుగు సంఖ్యలు కింద రాసి పంపండి. ఫోన్ నంబరైతే అసలు పంపకండి, మీ దగ్గరే ఉంచుకోండి.